పెరటిలోని పురుగులు, ఎరువుకుప్పలోని పురుగులు: మిత్రులెవరు, శత్రువులెవరు?



ఈ నెల పాఠమును మేము మా పొరపాటుతోనే ఆరంభించుచున్నాము. కొన్ని సంవత్సరముల క్రిందట మేము పెరటిలో చిక్కుడు పందిరి వేసితిమి. పూత దిగు సమయమున లేత కొసలకు పేనుబంక పట్టినది. రెండు మూడు దినములలో ఆ పేనుబంక నడుమ నల్లని గరుకైన చిన్న పురుగులు, చూచుటకు మొసలి పిల్లలవలె నున్నవి, కనబడినవి. వాని రూపము చూచి, తెగులునకు ఇవియే మూలమని తలంచి, ఇంటిల్లిపాదియు రెండు ఉదయములు కూర్చుండి వానిని ఏరి మంటలో వేసితిమి. పని ముగిసినదని సంతోషించితిమి. వారము తిరుగకముందే పందిరి యంతయు జిగటయై, ఆకులు మసిబట్టి, కాయలు గిడసబారిపోయినవి. మేము కాల్చినవి శత్రువులు కావు. శత్రువులను తినుటకు వచ్చిన అక్షింతల పురుగు పిల్లలు. పిలువకుండ వచ్చి, కూలి యడుగక పనిచేయుచున్నవారిని మా చేతులతో మేమే చంపుకొంటిమి.

ఆ సంవత్సరము మాకు పోయినది ఒక పందిరి చిక్కుడుకాయలు మాత్రమే. కాని ఇదే తెలియనితనము కొబ్బరితోటలో నున్నచో ఏండ్ల తరబడి పెంచిన చెట్టు పోవును. పొలములో నున్నచో మందుల దుకాణమున అప్పు మిగులును. అందుచేత పురుగును చూచినంతనే చేయి యెత్తక, ముందుగా అది ఏమి తినుచున్నదో విచారించుట నేర్చుకొనవలెను. ఈ పాఠము యొక్క సారమంతయు ఈ యొక్క మాటయే.

1. పురుగు అవస్థలు, పురుగు నోరు

పురుగులలో పెక్కింటికి నాలుగు అవస్థలు కలవు. మొదటిది గ్రుడ్డు. రెండవది గ్రుడ్డునుండి వెలువడు పిల్లపురుగు. మూడవది తిండి మాని, గూటిలోనో మంటిలోనో కదలక పడియుండు నిద్రావస్థ. నాలుగవది రెక్కలు గల పెద్దపురుగు. సీతాకోకచిలుకలు, పెంకుపురుగులు, ఈగలు, కందిరీగలు ఈ తరగతికి చెందినవి. పేనుబంక, పచ్చదోమ, మిడుత మొదలగువానికి నిద్రావస్థ లేదు. పిల్ల తల్లిని పోలియుండి క్రమముగా పెరుగును.

ఇందు మనము గమనింపదగిన విషయమొకటి కలదు. మొదటి తరగతిలో తల్లికిని పిల్లకును పోలికయే యుండదు. తిండియు వేరుగా నుండవచ్చును. పూలపై వ్రాలి తేనె త్రాగు సీతాకోకచిలుక మనకు ఏ హానియు చేయదు. దాని పిల్లయగు ఆకుపచ్చని పురుగు కరివేపాకు మొక్కను, నిమ్మ మొక్కను మోడు చేయగలదు. కావున ఒక పురుగును గూర్చి తీర్పు చెప్పునప్పుడు అది ఏ అవస్థయందున్నదో కూడ చూడవలెను.

తరువాత నోటి సంగతి. కొన్ని పురుగులు కొరికి తినును. అట్టివి చేరిన ఆకులపై రంధ్రములు, అంచులయందు కోతలు కనబడును. కొన్ని సూదివంటి మూతితో రసము పీల్చును. అట్టివి చేరిన ఆకులు ముడుతలుపడి పసుపుబారును. మరికొన్ని కొమ్మలోనికిని కాయలోనికిని తొలుచుకొని పోవును. గాయము చూచి దొంగను పట్టవచ్చును. గాయమేమియు లేని మొక్కపై పురుగు కనబడినచో అది దారిన పోవునదియైనను కావలెను, కావలివాడైనను కావలెను.

2. ఒక పేరు, రెండు పురుగులు

మన పల్లెలలో అక్షింతల పురుగు అను పేరు రెండు పురుగులకు వాడుకలో నున్నది. రెండును ఇంచుమించు శనగబద్దంత యుండి, బోర్లించిన డొప్పవలె ఉబ్బి, వీపున చుక్కలు కలిగియుండును. ఒకటి కాపరి, రెండవది దొంగ. పేరొక్కటియే యగుటచేత దొంగకు వేయవలసిన శిక్ష కాపరికి పడుచున్నది.

కాపరి వీపు నున్నగా గాజువలె మెరయును. రంగు ఎరుపు గాని నారింజ గాని పసుపు గాని కావచ్చును. కొన్నింటికి చుక్కలకు బదులు వంకర పట్టెలుండును. దీని పిల్ల బూడిదవన్నెగానో నల్లగానో యుండి, ఒడలిపై నారింజరంగు మచ్చలతో, కాళ్లు చాచి చురుకుగా పరుగెత్తుచుండును. మేము కాల్చినవి ఇవియే. తల్లియు పిల్లయు రెండును పేనుబంకనే తినును. ఒక్కొక్క పిల్ల పెరిగి పెద్దదగులోపల వందలకొలది పేనులను భక్షింపగలదు.

దొంగ వీపు మెరయదు. సన్నని నూగు కప్పియుండి రాగివన్నెగానో ఇటుకవన్నెగానో యుండును. నల్లచుక్కలు సాధారణముగా 12 గాని 28 గాని యుండును. దీని పిల్ల పసుపుపచ్చనిది. ఒడలంతయు చీలిన ముండ్లు కలిగి, మెల్లగా కదలును. ఇది వంగ, బంగాళాదుంప, కాకర ఆకుల పచ్చదనమును గీకి తిని, ఈనెలను జల్లెడవలె మిగుల్చును.

రెండింటి గ్రుడ్లును పసుపురంగున, నిలువబెట్టిన బియ్యపుగింజలవలె, ఆకు అడుగున గుంపుగా నుండును. కావున గ్రుడ్లను మాత్రమే చూచి నిర్ణయింపరాదు. చుట్టును పేనుబంక యున్నచో అవి కాపరివని యెంచి విడువవలెను. ఆకు గీకియున్నచో దొంగవని యెంచి ఆ ఆకును త్రుంచి నలిపివేయవలెను.

కాపరి పురుగు విలువ తెలియుటకు ఒక చరిత్ర చెప్పుదుము. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున నారింజ, నిమ్మ తోటలు దూదివంటి తెల్లని పొలుసుపురుగు పట్టి నాశనమగుచుండెను. ఏ మందును పనిచేయలేదు. ఆ పురుగు ఆస్ట్రేలియానుండి వచ్చినది గనుక, దానిని తిను పురుగును అచ్చటనే వెదుకుటకై 1888లో ఆల్బర్టు కోబెల్ అను శాస్త్రజ్ఞుడు వెడలెను. అతడు పంపిన ఎర్రని చిన్న అక్షింతల పురుగులను తోటలలో విడువగా, 1889 ముగియులోపల తోటలు తేరుకొనినవి. అదే పొలుసుపురుగు మన దక్షిణదేశమున నీలగిరులలో కనబడినప్పుడు, 1929-30లో ఈ అక్షింతల పురుగునే అచ్చటికి తెప్పించి విడిచిరి. శాస్త్రజ్ఞులు సముద్రములు దాటి తెచ్చిన జాతికి చుట్టములే మన చిక్కుడు పందిరికి ఊరక వచ్చుచున్నవి. వానిని గుర్తించుటయే మన పని.

3. పెరటిలోని ఇతర మిత్రులు

పేనుబంక నడుమ కాళ్లు లేని, జలగవంటి చిన్న పురుగు ఒకటి కనబడును. ఇది పూలపై గాలిలో నిలిచి ఎగురు పట్టెల ఈగ యొక్క పిల్ల. ఇదియు పేనుబంకనే తినును.

ఆకుపై వెండ్రుకవంటి సన్నని కాడ నిలిచి, దాని కొసన తెల్లని గ్రుడ్డు ఉన్నచో అది అల్లిక రెక్కల పురుగుది. దీని పిల్లలు పేనుబంకను, తెల్లదోమను, చిన్న పురుగులను, వాని గ్రుడ్లను తినును. ఆ కాడలను బూజు అనుకొని తుడిచివేయరాదు.

పేనులలో కొన్ని ఉబ్బి, గోధుమవన్నెగా గట్టిపడి, కదలక ఆకునకు అంటుకొనియుండును. కొన్నింటి వీపున గుండ్రని రంధ్రముండును. చీమకంటెను చిన్నదగు కందిరీగ జాతి పురుగొకటి పేను ఒడలిలో గ్రుడ్డు పెట్టగా, దాని పిల్ల పేనును లోపలినుండి తిని వెలువడిన గుర్తు ఇది. ఇట్టివి విస్తారముగా కనబడినచో మందు జల్లవలసిన అవసరము తీరుచున్నదని యెరుగవలెను. ఇట్లే గొంగళిపురుగు ఒడలిపై బియ్యపుగింజలవంటి తెల్లని గూళ్లు కనబడినచో దానిని చంపక విడువుడు. అది ఎట్లును చచ్చునదియే. ఆ గూళ్లనుండి వెలువడునవి మరికొన్ని గొంగళిపురుగులను వెదకికొని పోవును.

ముంగాళ్లు మోడ్చి కూర్చుండు గొల్లభామ, నీటిపై తిరుగు తూనీగ, గూడు కట్టియు కట్టకయు వేటాడు సాలీడు, ఇవియు మన పక్షమువే. సాలీడు ఎనిమిది కాళ్లది గనుక శాస్త్రరీత్యా పురుగుల తరగతికి చెందదు. అయినను పని ఒక్కటియే. గొల్లభామ మాత్రము పక్షపాతము లేనిది. శత్రువు చిక్కిన శత్రువును, మిత్రుడు చిక్కిన మిత్రుని కూడ తినును.

తేనెటీగను వేరుగా చెప్పవలెను. గుమ్మడి, దోస, కాకర వంటి తీగలకు మగపూలు వేరు, ఆడుపూలు వేరు. పుప్పొడి ఒకదానినుండి మరియొకదానికి చేరనిదే పిందె నిలువదు. ఆ పని తేనెటీగ చేయును. ఉదయమున పూలు విచ్చియున్న వేళ మందు జల్లి, పిందెలు రాలుచున్నవని విచారించువారు ఈ సంగతి తలపోయవలెను.

4. పెరటిలోని శత్రువులు

పేనుబంక రసము పీల్చి మొక్కను నీరసింపజేయును. దీని ఆడుపురుగులు మగవాని యవసరము లేకయే పిల్లలను కనును. అందుచేత కొలదిదినములలోనే గుంపులు కట్టును. ఇది విసర్జించు తీపి బంకపై మసివంటి బూజు పెరుగును. ఆ తీపికై చీమలు చేరి, అక్షింతల పురుగులను తరిమివేయును. కావున మొక్కపై చీమలు ఎక్కి దిగుచున్నచో ఆకు అడుగున చూడవలెను. చీమలు రాకుండ కట్టుదిట్టము చేసినచో కాపరులకు పని సులభమగును.

వంగయందు కొమ్మ, కాయ తొలుచు పురుగు ప్రధానశత్రువు. లేత కొస వాడి వ్రేలాడుచున్నచో లోపల పురుగున్నదని గుర్తు. లోపలనుండుటచేత మందు దానికి తగులదు. వారమునకొకసారి వాడిన కొసలను, పుచ్చిన కాయలను త్రుంచి తీసివేయుటయే మేలు. ఈ కాయలను చెట్టు మొదటను పారవేయరాదు, ఎరువుకుప్ప పైనను వేయరాదు. పురుగు కాయనుండి వెలువడి చెత్తలో గూడు కట్టుకొని, రెక్కలపురుగై మరల తోటకే వచ్చును. లోతుగా పూడ్చవలెను, లేదా కాల్చవలెను.

పొగాకు లద్దెపురుగు గ్రుడ్లను గుంపుగా పెట్టి నూగుతో కప్పును. పిల్లలు మొదట ఒకే ఆకుపై గుంపుగా నుండి గీకి తినును. ఆ దినములలో ఆ ఒక్క ఆకును త్రుంచినచో వందల పురుగులు పోవును. పది దినములు ఉపేక్షించినచో అవి తోటయంతయు చెదరిపోవును. పెరటి చుట్టును కొన్ని ఆముదపు మొక్కలు నాటినచో తల్లిపురుగు వానిపై గ్రుడ్లు పెట్టుటకు మక్కువ చూపును. అచ్చట చూచి ఏరివేయుట తేలిక.

5. ఎరువుకుప్ప ఒక గ్రామము

ఇంతవరకు పచ్చని మొక్కలపై నున్నవానిని గూర్చి చెప్పితిమి. ఇక కుప్పవద్దకు పోవుదము. ఇచ్చట న్యాయము కొంత వేరు. కుప్పలో చచ్చిన ఆకు, పేడ, ఊడ్పు చెత్త యుండును. వానిని తినునది మనకు మేలు చేయునదియే.

వానపాము పురుగు కాదు. అయినను కుప్పలోని సేవకులలో మొదటి పేరు దానిదే. అది వేడిని సహింపలేదు. కుప్ప మాగి చల్లబడిన పిదప తనంతట తానే చేరును. వానపాములు కనబడినచో ఎరువు పక్వమునకు వచ్చుచున్నదని తెలియవలెను.

రోకలిబండ చివికిన ఆకులను తిని పొడిచేయును. కుప్పలో దానికి తావిండు. తేమగల నారుమడిలో మాత్రము లేత మొలకలను కొరుకవచ్చును గనుక ఏరి కుప్పలో వేయుడు. జెర్రి ఇతర పురుగులను వేటాడునది. ఎరువునకు హాని చేయదు గాని చేతిని కరచును. కావున వట్టిచేతులతో కుప్పను కెలుకరాదు.

పేడపురుగు పేడను ఉండచేసి మంటిలో పూడ్చి, నేలను గుల్లచేయును. ఈగకు దక్కవలసిన పేడను ముందుగా తీసికొనిపోవుటచేత ఈగలను కూడ తగ్గించును.

ఈగ పిల్లలు రెండు విధములు. తెల్లగా మెత్తగా, ముందువైపు సన్నగా నుండునది ఇంటి ఈగ పిల్ల. ఇది పచ్చిపేడలోను వంటింటి చెత్తలోను పుట్టి, వేసవిలో ఇంచుమించు పది దినములలోనే ఈగయై మన అన్నముపై వ్రాలును. బల్లపరుపుగా, బూడిదవన్నెతో, తోలువంటి చర్మము గలిగి బుసబుసలాడునట్లు కదలునది వేరొక నల్లని పొడవాటి ఈగ పిల్ల. ఇది వంటింటి చెత్తను అతివేగముగా తినివేయును. పెద్దదైన పిదప ఇంటిలోనికి వచ్చి మన భోజనముపై వ్రాలు అలవాటు దీనికి లేదు. ఇది చేరినచోట ఇంటి ఈగ తగ్గును. మొదటిదానిని అణచుటకు పచ్చిచెత్త వేసినప్పుడెల్ల పైన మన్ను గాని ఎండుటాకులు గాని కప్పవలెను.

చీమలు పుట్టలు పెట్టినచో కుప్ప ఎండిపోయినదని యెరిగి నీరు చల్లవలెను. చెదలు చేరినను తేమ చాలలేదనియే గుర్తు. మాగని పచ్చి ఎరువును పొలమునకు తోలినచో దానితోకూడ చెదలును, వేరుపురుగును ఆహ్వానించినవారమగుదుము.

6. కుప్పలో పెరుగు కొబ్బరి శత్రువు

ఇక మనకు ముఖ్యమైన విషయము. ఎరువుకుప్ప త్రవ్వునప్పుడు తెల్లని లావుపాటి పురుగులు, గోధుమవన్నె తలతో, కొడవలివలె వంగి పడియుండుట మీరందరును చూచియుందురు. ఇవి కుప్పలో నున్నంతకాలము చెత్తను తిని ఎరువు చేయునవియే. అచ్చటివరకు చూచినచో మిత్రులే. కాని వీనిలో ఒకటి పెద్దదై, రెక్కలు వచ్చిన పిదప కొబ్బరిచెట్టు మొవ్వును తొలుచును. అదియే కొమ్ము పురుగు. తల్లికిని పిల్లకును తిండి వేరని మొదట చెప్పిన మాటకు ఇంతకు మించిన నిదర్శనము లేదు.

పెద్దపురుగు నల్లగా, ఒకటిన్నర అంగుళమునకు పైగా పొడవుండి, తలపై కొమ్ము కలిగియుండును. రాత్రివేళ ఎగిరి వచ్చి, విచ్చని మొవ్వాకును తొలుచును. ఆ ఆకు విచ్చుకొనినప్పుడు కత్తెరతో త్రికోణముగా కోసినట్లు అగపడును. లేతమొక్కలు ఒక్కొక్కప్పుడు దీనితోనే చచ్చును. ముదురు చెట్టు దీనికి తట్టుకొనినను, ఆ గాయపు వాసనకు ఎర్రముక్కు పురుగు వచ్చి గ్రుడ్లు పెట్టును. దాని పిల్లలు కాండమును లోపల గుల్లచేయును. మొవ్వు వ్రాలిన దినమున మనకు తెలియును. అప్పటికి చెట్టు దక్కదు.

కొమ్ము పురుగు లెక్క కొంచెము వినుడు. గ్రుడ్డు పది పండ్రెండు దినములలో పగులును. పిల్ల కుప్పలో మూడు నాలుగు నెలలు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు తినుచు పెరిగి, బొటనవ్రేలికంటె లావగును. నిద్రావస్థ ఇంచుమించు మూడు వారములు. ఒక్క ఆడుపురుగు యాభైకి మించి గ్రుడ్లు పెట్టగలదు. అనగా కుప్పను నాలుగైదు నెలలు ముట్టకుండ విడిచినవాడు తెలియకయే కొమ్ము పురుగులను పెంచి ఊరిమీదికి వదలినవాడగును. నెలకొకసారి కుప్పను తిరుగవేసినవాని కుప్పలో ఒక్క పిల్లయు రెక్కలు తొడుగుట కష్టము. కాకులును కోళ్లును అచ్చట కాచుకొనియుండును.

తిరుగవేయుటయందు ఒక మర్మమున్నది. సరిగా పేర్చి తడిపిన కుప్ప నడుమ సుమారు 60 డిగ్రీల వేడి పుట్టును. ఆ వేడిలో పిల్లపురుగులు, ఈగ పిల్లలు, కలుపు విత్తులు బ్రతుకవు. కాని అంచులు చల్లగానుండును; పురుగులు అచ్చటికి జరిగి తప్పించుకొనును. అంచులను నడుమకును, నడుమను అంచులకును మార్చినచో వానికి తప్పించుకొను తావు లేదు. 1924 మొదలు 1931 వరకు ఆల్బర్టు హోవార్డు ఇండోరులో రూపొందించిన కంపోస్టు పద్ధతిలో కుప్పను తిరుగవేయుట ముఖ్యమైన పని.

అన్ని తెల్లపురుగులును కొమ్ము పురుగు పిల్లలు కావు. సందేహమైనచో పురుగును చదునైన నేలపై నుంచి చూడుడు. వెల్లకిల తిరిగి, కాళ్లు ఆకాశమునకు పెట్టి, వీపుతో ప్రాకిపోవునది పూల పెంకుపురుగు పిల్ల. దానిని కుప్పలోనే విడువవచ్చును. ప్రక్కకు వాలి కొడవలివలె వంగి పడియుండి, లావుగా, రెండున్నర అంగుళములకు మించినది కొమ్ము పురుగు పిల్ల. దానిని ఏరి కోళ్లకు వేయుడు.

చెట్టు విషయమున చేయదగినవి కూడ చెప్పుదుము. మొవ్వువద్ద రంధ్రమును, నమలిన పీచును కనబడినచో ఇనుప చువ్వతో పురుగును గ్రుచ్చి తీయవలెను. వేపపిండిని ఇసుకతో కలిపి మొవ్వు చుట్టునున్న మట్టల సందులలో పోసినచో క్రొత్తపురుగు రాకుండును. 1 కిలో ఆముదపు పిండిని 5 లీటర్ల నీటిలో కలిపి మట్టికుండలలో తోటయందుంచినచో, ఆ పులిసిన వాసనకు పెద్దపురుగులు వచ్చి పడును. కుప్పలో మెటారైజియం అను పచ్చబూజును కలిపినచో, తేమయున్న కాలమున అది పిల్లపురుగులకు పట్టి చంపును. చచ్చిన పురుగు గట్టిపడి పచ్చరంగు తేలును. అంబాజీపేటలోని ఉద్యాన పరిశోధనా స్థానము కొబ్బరి సమస్యలపై పనిచేయుచున్నది. కోనసీమ సభ్యులు అచ్చట సలహా పొందవచ్చును.

ఈ పురుగు వలన ఎంత కీడు కలుగునో సమోవా దీవుల చరిత్ర తెలుపును. 1909లో సింహళమునుండి తెచ్చిన రబ్బరు మొక్కలతో ఈ కొమ్ము పురుగు అచ్చటికి చేరినది. అచ్చట దానిని అణచు సహజశత్రువులు లేనందున దీవులలోని కొబ్బరి అల్లాడినది. 1963లో మలేషియాలో హ్యూగర్ అను శాస్త్రజ్ఞుడు ఈ పురుగునకు వచ్చు ఒక సాంక్రామిక వ్యాధిని కనుగొనెను. 1967లో ఆ వ్యాధి క్రిములను సమోవాలో విడిచిన పిదపనే పురుగు తగ్గినది. శత్రువునకు కూడ శత్రువుండుననుటకు ఇది తార్కాణము.

7. మందు జల్లుటకు ముందు

విషపు మందు కాపరిని దొంగను వేరుచేసి చూడదు. అంతేకాదు, పేనుబంక వంటివి వేగముగా పెరుగును. వానిని తినునవి మెల్లగా పెరుగును. మందు జల్లిన పిదప ముందుగా తిరిగివచ్చునది శత్రువే. అప్పటికి దానిని తినువారెవరును మిగిలియుండరు. రెండవసారి, మూడవసారి మందు అందుకే అవసరమగుచున్నది. ఇండొనీషియాలో వరిపై సుడిదోమ ఈ రీతినే పెచ్చరిల్లగా, 1986లో అచ్చటి ప్రభుత్వము వరిపై 57 రకముల మందుల వాడకమును నిషేధించినది.

కావున ఈ క్రమమును పాటింపుడు. మొదట చూచుట: వారమునకు రెండుమార్లు ఆకు అడుగుభాగము చూడవలెను. రెండవది చేతిపని: గ్రుడ్ల గుంపులను, వాడిన కొసలను త్రుంచుట, పేనుబంకను నీటితో కొట్టి కడుగుట. మూడవది వేపగింజల కషాయము. అర కిలో వేపగింజల పప్పును దంచి, గుడ్డలో మూటగట్టి, 1 లీటరు నీటిలో ఒక రాత్రి నాననిచ్చి, మరునాడు పిండి వడగట్టి, 10 గ్రాముల సబ్బుపొడి కలిపి, మొత్తము 10 లీటర్లగునట్లు నీరు చేర్చి, సాయంకాలమున ఆకు అడుగున తడియునట్లు జల్లవలెను. ఇది చూచుచుండగనే చంపునది కాదు. పురుగునకు తిండిపై విముఖత కలిగించి, పెరుగుదలను అరికట్టును. మూడు నాలుగు దినములు ఓపిక పట్టవలెను. ఈ మూడును చాలనప్పుడు మాత్రమే వ్యవసాయాధికారుల సలహాతో ఇతర మందుల మాట తలపెట్టుడు. కూరగాయలకు మందు జల్లినచో ఎన్ని దినములు కోయరాదో డబ్బాపై వ్రాసియుండును. ఆ కూర తినువారు మన బిడ్డలే యని మరువకుడు.

8. ఇది ఒకనివలన కాని పని

మన కుప్పలో పుట్టిన కొమ్ము పురుగు మన చెట్టుపైనే వ్రాలునను నియమము లేదు. దానికి గట్లు తెలియవు, పట్టాదారు పేర్లు తెలియవు. కుప్ప ఒకరిది, చెట్టు మరియొకరిది. పదిమంది కుప్పలు తిరుగవేసి, పదునొకండవవాడు మానినచో ఆ పదిమంది చెట్లకును కీడు తప్పదు. వేరుపురుగు తల్లులును ఇట్టివే. తొలకరి వానలు పడిన సాయంకాలములలో అవి మంటినుండి వెలువడి, వేప, రేగు చెట్లపై చేరి ఆకు తినును. ఆ కొద్ది రాత్రులలో ఊరివారందరును కూడి కొమ్మలు కుదిపి, రాలిన పురుగులను కిరసనాయిలు కలిపిన నీటిలో వేసినచో ఆ యేటి వేరుపురుగు చాలవరకు తగ్గును. ఒక్కడు చేసినచో ఏమియు తగ్గదు.

నాటి ఖమ్మము జిల్లాలోని పునుకుల గ్రామపు పత్తి రైతులు వేపకషాయములు, ఎరపైరులు, ఆకర్షక బుట్టలు మొదలగు ఉపాయములను ఊరంతయు కలిసి అవలంబించి, రసాయనపు పురుగుమందులు తమకు అక్కరలేదని 2004లో గ్రామముగా ప్రకటించిరి. ఒక్క రైతు ఆ మాట చెప్పియుండినచో నిలువజాలకపోయెడివాడు. ఊరు చెప్పినది గనుక నిలిచినది. అప్పు విషయమున మనము సంఘముగా కూడితిమి. విత్తనముల విషయమున, ఎరువుల విషయమున కూడితిమి. పురుగు విషయమున మాత్రము ఎవరికివారై యుండుట తగునా?

కావున మా సూచన యిది. ప్రతి గ్రామసంఘమును నెలకొక వారమును నిర్ణయించి, ఆ వారమున సభ్యులందరి కుప్పలును తిరుగవేయించవలెను. వృద్ధులు, ఒంటరి స్త్రీలు గల ఇండ్ల కుప్పలను తక్కినవారు వంతువేసికొని తిరుగవేయవలెను. సంఘ కార్యాలయమున ఒక గాజుసీసాలో కొమ్ము పురుగును, దాని పిల్లను, రెండు జాతుల అక్షింతల పురుగులను భద్రపరచి, బడిపిల్లలకును క్రొత్త సభ్యులకును చూపుచుండవలెను. మా చిక్కుడు పందిరివద్ద అట్టి సీసా యొకటి యుండినచో మేము ఆ పురుగులను కాల్చియుండము.

సంఘసభలో చర్చించుటకు ప్రశ్నలు

1. పేనుబంక నడుమ కనబడిన నల్లని పిల్లపురుగును ఏ గుర్తులచే మిత్రమని నిర్ణయింతురు?

2. వంగ ఆకుపై పసుపురంగు గ్రుడ్ల గుంపు కనబడినది. దానిని త్రుంచుటకు ముందు ఏమి చూడవలెను?

3. కొమ్ము పురుగు పిల్ల కుప్పలో ఎన్ని నెలలు పెరుగును? మీ కుప్పను కడపట ఎప్పుడు తిరుగవేసితిరి?

4. పుచ్చిన వంకాయలను మీరు ఎచ్చట వేయుచున్నారు?

5. మీ గ్రామమున ముట్టకుండ విడిచిన కుప్పలు ఎన్ని కలవు? అవి తిరుగవేయించుటకు సంఘము ఏమి చేయగలదు?

ఈ ప్రశ్నలకు జవాబులు పుస్తకములో లేవు. మీ పెరటిలోను, మీ కుప్పలోను ఉన్నవి. రేపటి ఉదయము ఒక ఆకును తిరుగవేసి చూచి, పిదప సభకు రండు.